తోక మీది గుర్తు

2003 అక్టోబరు నాలుగో తేదీ, శనివారం, మహర్నవమి. ఉదయం పదకొండూ పది. లాలాగూడ రైల్వే క్వార్టర్సులో కోదండపాణి కన్నతల్లి మీద గొంతు చించుకుని అరిచాడు. ఆ ఇంట్లో అంతకు ముందెప్పుడూ ఎవరూ అంత గొంతు ఎత్తి ఎరుగరు.

సంగతి ఇదీ. కోదండం నాలుగు నెలలుగా ఒక బొమ్మ విమానం కడుతున్నాడు. రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీవాళ్లు నడిపిన మెస్సర్‌ష్మిట్. పెట్టెలో ముక్కలుగా వస్తుంది. అతికించి, రంగులేసి, అచ్చం అసలుదానిలా చెయ్యాలి. మర్నాడు పదింటికి పోటీ.

తల్లి తాయారమ్మగారు ఆయుధపూజ చేస్తూ స్కూటరుకీ, కత్తిపీటకీ, కుట్టుమిషనుకీ బొట్లు పెట్టి, బల్ల మీది విమానం దగ్గరికొచ్చారు. తోక మీద స్వస్తిక్ కనిపించింది. నల్లగా, పక్కకి ఒరిగి ఉంది.

"పండగపూట ఈ నలుపేంటి, పిచ్చి సన్నాసి! చుక్కలైనా పెట్టలేదు" అనుకుంటూ దాని మీద తడిపసుపు రాసి, నాలుగు కుంకం చుక్కలు పెట్టి, కళ్లకద్దుకున్నారు.

సరిగ్గా అప్పుడే కోదండం చూశాడు.

"అదెవడి గుర్తో తెలుసా నీకు? హిట్లరుది! ఆ గుర్తు పెట్టుకుని లక్షల లక్షల మందిని చంపారు. చంటిపిల్లల్ని కూడా! దానికా నువ్వు మొక్కేది?"

ఆవిడ కుంకంభరిణె కింద పెట్టేశారు. "ఈ చేతుల్తోనే మొక్కానా?" అన్నారు. వెళ్లి పెరటి గడప మీద కూర్చున్నారు. మళ్లీ దేవుడి గదిలో అడుగు పెట్టలేదు. మధ్యాహ్నానికి అమ్మవారి ముందు దీపం కొండెక్కింది.

"వెళ్లి పిలవండి. పచ్చి మంచినీళ్లైనా ముట్టలేదు అత్తయ్య" అంది భార్య రంగనాయకి.

"నా నాలుగు నెలల కష్టం ఎవరికీ పట్టదు కదా!" అని కోదండం విమానాన్ని అట్టపెట్టెలో పెట్టుకుని విసురుగా వీధిలోకి నడిచాడు.

మస్తాన్ మాస్టారు రైల్వే వర్క్‌షాపులో కొయ్య నమూనాలు చేసి రిటైరైన మనిషి. కోదండానికి బ్రష్షు పట్టడం నేర్పింది ఆయనే. సాయంత్రం నమాజు ముగించి వరండాలోకి వచ్చేసరికి శిష్యుడు మెట్ల మీద బుసలు కొడుతున్నాడు.

"చూడండి మాస్టారూ ఈ దారుణం! తెలియనప్పుడు ముట్టుకోవడం దేనికండీ?"

ఆయన కళ్లజోడు పెట్టుకుని తోక చూశారు. "ఈ గుర్తు పెట్టెలో వచ్చిందా?"

"రాదండీ, చాలా దేశాల్లో నిషేధమని కంపెనీవాళ్లు ఇవ్వరు. అది లేకపోతే అసలుదానిలా ఉండదని నేనే వేశాను. మూడుసార్లు కుదర్లేదు. నాలుగోసారికి దిగింది."

మాస్టారు లోపలికెళ్లి గిన్నెలో నీళ్లు, దూది, భూతద్దం తెచ్చి ముందు పెట్టారు.

"తుడువు."

కోదండం పుల్లకి దూది చుట్టాడు. ఊపిరి బిగబట్టి, కింద నల్లరంగు అదరకుండా, పసుపు రవ్వంత రవ్వంత తీశాడు. దూది ఎర్రబడగానే మార్చాడు. ముక్కు మీంచి చెమట జారబోతే తల పక్కకి తిప్పుకున్నాడే గాని, చుక్క దాని మీద పడనివ్వలేదు. అరగంట పట్టింది. మాస్టారు కదలకుండా చూస్తూ కూర్చున్నారు.

"చూడండి!" కోదండం మొహం విప్పారింది. "ఒక్క గీత చెదరలేదు."

"చూశాను." ఆయన గొంతు పెంచలేదు. అయినా ఆ గొంతులో అంత కోపం కోదండం ఏనాడూ వినలేదు. "మీ అమ్మ తెలియక ఒక్క క్షణం మొక్కింది. తెలిసి నాలుగు నెలలు పూజ చేసిందెవరు, కోదండం?"

కోదండం విమానాన్ని మళ్లీ అట్టపెట్టెలో పెట్టుకుని ఇంటిదారి పట్టాడు.

మర్నాడు విజయదశమి. పొద్దున్నే కోదండం పెరటి గడప మీద, తల్లి పక్కన కూర్చుని, ఉప్పుకాగితంతో విమానం తోక రుద్దడం మొదలుపెట్టాడు. నలుపు పోయింది. కింది రంగు పోయింది. బూడిదరంగు ప్లాస్టిక్కు బయటపడినా ఇంకా రుద్దుతూనే ఉన్నాడు.

"చాల్లేరా, చిల్లు పడుతుంది" అన్నారు తాయారమ్మగారు.

లేచి తలస్నానం చేసొచ్చి, దీపం వెలిగించారు. అప్పటికి పది దాటింది. పోటీ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.