మళ్ళీ గుమ్మం దగ్గర్నుంచి

ప్రశ్న అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు పురుషోత్తం మాస్టారికి లేదు. కంప్యూటర్ ఆటలు తయారుచెయ్యడం నేర్చుకోవాలని బందరులోని ఆయన మేడమీది గదికి వచ్చేవాళ్ళకి ఇది మొదట్లో విసుగ్గా ఉండేది. అడిగినవాళ్ళ వంక తీరిగ్గా చూసి, ఏదో ఒక పని చెప్పి పంపేవారు. ఆ పని చేసుకుని తిరిగి వచ్చేసరికి, అడిగిన ప్రశ్న అడిగినవాళ్ళకే కాస్త వేరుగా కనిపించేది.

ఆముక్త ఆయన దగ్గరికి వచ్చేనాటికి మనసు విరిగి ఉంది. హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో ఏళ్ళ తరబడి ఒకే ఆట మీద పనిచేసింది. ఆ ఆట ఎవరి చేతికీ అందకముందే కంపెనీ మూతపడింది. తను గీసిన కోటలు, రాసిన మాటలు అన్నీ ఎవరో ఆపేసిన యంత్రంలో ఉండిపోయాయి. సొంత ఊరికి వచ్చి మాస్టారి దగ్గర చేరితే, ఆయన ఆమెచేత రోగ్‌లైక్ ఆట మొదలుపెట్టించారు. ఆ జాతి ఆటల్లో ఆడేవాడు ఒక సొరంగంలోకి దిగుతాడు. చచ్చిపోతే మళ్ళీ మొదటి మెట్టు దగ్గరే. సంపాదించిన కత్తి, డాలు, అన్నీ పోతాయి. పోనీ దారి గుర్తుంచుకుందామా అంటే, దిగిన ప్రతిసారీ సొరంగం కొత్తగా అల్లుకుంటుంది. నిన్న ఎర్ర సీసాలో ఉన్న మందు ప్రాణం నిలబెడితే, ఇవాళ అదే ఎర్ర సీసాలో విషం ఉండవచ్చు. మారనివి లోపలి నియమాలు మాత్రమే. ఇంకొక దయ కూడా ఉంది. ఆడేవాడు అడుగు వేస్తేనే ఆ లోకం అడుగు వేస్తుంది, అంతవరకూ ఎంతసేపైనా ఆగుతుంది.

ఆముక్త ఆట చాలావరకు పూర్తయ్యాక స్నేహితురాలిచేత ఆడించి చూసింది. ఆ అమ్మాయి ఎంతో లోపలికి వెళ్ళి, ఒక్క తప్పటడుగుతో చచ్చిపోయి, "ఇంతసేపూ ఆడిందంతా బూడిదలో పోసినట్టేగా!" అని ఫోను పక్కన పడేసింది. ఆ మాట పట్టుకుని ఆముక్త మాస్టారి దగ్గరికి వచ్చింది.

"అంతా పోయాక మనిషికి మిగిలేదేమిటి మాస్టారూ? ఇలాంటి ఆటని జనం ఎందుకంత ఇష్టపడతారు? మధ్యలో ఎక్కడైనా ఆటని దాచుకుని, చచ్చినా అక్కడినుంచే ఆడుకునే వీలు పెడితే తప్పేముంది?"

ఆమె అడుగుతున్నది ఆట గురించి మాత్రమే కాదని గొంతులోనే తెలుస్తోంది. మాస్టారు, "రేపు పొద్దున్నే కిందికి రా అమ్మా. అక్కయ్యకి టిఫిను పెట్టాలి," అన్నారు.

మాస్టారి అక్కయ్య పేరు శేషారత్నం. ఒకప్పుడు టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ఇప్పుడు ఎనభై దాటింది. మతిమరుపు జబ్బు ముదిరి, ఏ రోజుకారోజు నిన్నటిదంతా తుడిచిపెట్టుకుపోతోంది. అంతకంటే చిత్రం, ఆవిడ రోజుకొక వయసులో నిద్ర లేస్తుంది. ఒకరోజు ఉద్యోగంలో చేరిన పడుచుపిల్ల, మరొకరోజు బడికి వెళ్ళనని మారాం చేసే పిల్ల. ఎవరినీ పోల్చుకోదు, తమ్ముణ్ణి కూడా. కొత్త మనిషి చేతి ముద్ద ఎందుకు తింటుంది? బెదిరిందంటే ఆ పూటకి ఇంతే సంగతులు. టిఫిను తినదు, మూర్ఛ రాకుండా వేసే మాత్ర వేసుకోదు, మధ్యాహ్నానికి చేతులు వణకడం మొదలవుతుంది.

మర్నాడు పొద్దున ఆముక్త గది బయట నిలబడి చూసింది. శేషారత్నం మంచం మీద కూర్చుని, గాలిలో ఏవో తీగలు పీకి పెడుతూ, "హలో, హలో, గుడివాడా! ఏవిటీ లైను, ఒక్క ముక్క వినబడదు," అని చిరాకు పడుతోంది. మాస్టారు లోపలికి వెళ్ళి, కాస్త దూరంలో కింద కూర్చుని, "లైను బాగుచెయ్యడానికొచ్చానండీ. కొంచెం టైము పడుతుంది. ఈలోపు మీరు టిఫిను కానివ్వండి," అన్నారు. ఆవిడ ముఖం తేటపడింది. "త్వరగా కానీ బాబూ, అవతల జనం కాచుక్కూచున్నారు," అంటూ ఇడ్లీ తింది. మాత్రా వేసుకుంది. ఆముక్తకి ముచ్చటేసింది, అంత తేలికా అనిపించింది కూడా.

ఆ మర్నాడు మాస్టారు పళ్ళెం ఆమె చేతికిచ్చి, "ఇవాళ నువ్వెళ్ళు," అన్నారు. ఆముక్త చకచకా లోపలికి వెళ్ళి, నిన్నటి చోటే కూర్చుని, నిన్నటి మాటే అంది. "లైను బాగుచెయ్యడానికొచ్చానండీ."

శేషారత్నం కళ్ళు పెద్దవయ్యాయి. "లైన్లు తెగిపోయాయా? అయితే గాలివాన ఇటే వస్తోందా? సముద్రం ఎంతదాకా వచ్చింది?" అంటూ లేచి నిలబడింది. ఆ రోజు ఆవిడ ఎప్పటిదో తుపాను రోజులో ఉంది. ఆముక్త కంగారుపడి, "తుపానూ లేదు, ఏమీ లేదు బామ్మగారూ, కూర్చోండి," అని చెయ్యి పట్టుకోబోయింది. ఆవిడ కేక వేసి పళ్ళెం తోసేసింది. ఇడ్లీ నేలపాలైంది. మూలకి ఒదిగి, మోకాళ్ళలో ముఖం దాచుకుని, ఇక ఎవరు పిలిచినా పలకలేదు.

బయటికి వచ్చిన ఆముక్త ఏడుపు ఆపుకోలేకపోయింది. "నిన్న అదే మాటకి ఎంత హాయిగా తిన్నారు! అదంతా ఏమైపోయింది మాస్టారూ?"

"ఆవిడ దగ్గర ఏమీ మిగల్లేదమ్మా," అన్నారాయన, చీపురు అందుకుంటూ. "నీ దగ్గర?"

ఆముక్త ఇంటికి వెళ్ళిపోయింది. ఇక ఆ గదిలోకి అడుగుపెట్టకూడదనుకుంది. అయినా అన్నం తింటున్నా, వాళ్ళమ్మ ఏదో చెబుతున్నా, మనసు ఆ గుమ్మం దగ్గరే తిరుగుతోంది. ఆవిడ ఏ రోజులో ఉందో కనుక్కోకుండానే నోరు విప్పాను. గాలివాన లేదని వాదించాను. అడక్కుండా చెయ్యి పట్టుకున్నాను. తప్పులు ఒక్కొక్కటే తేటగా కనబడుతూంటే, సిగ్గు పోయి దాని స్థానంలో మరేదో వచ్చింది. ఇంకొక్కసారి. ఒక్కసారి వెళ్తే చాలు, ఈసారి అలా చెయ్యను. తెల్లవారగానే ఎవరూ పిలవకుండానే మాస్టారి ఇంటి ముందు నిలబడింది.

ఆ రోజూ గెలవలేదు. తర్వాత కొన్ని పూటలు గుమ్మంలోనే ముగిశాయి. ఒక పూట అంతా బాగానే సాగి, చివరి ముద్ద దగ్గర వీధిలో ఎవరో హారన్ కొడితే చెదిరిపోయింది. ఓడిన రోజున మాస్టారు మధ్యాహ్నం అక్కయ్య నిద్ర లేచేదాకా కాచుకుని, మాత్ర వేయించడానికి మళ్ళీ మొదటినుంచి ప్రయత్నించేవారు. ఆమెని ఒక్కమాట కూడా అనేవారు కాదు. పోనుపోను ఆముక్తకి కొన్ని సంగతులు పట్టుబడ్డాయి. వెలుతురుకి అడ్డంగా నిలబడితే ఆవిడ బెదురుతుంది. ఏ వయసులో ఉన్నా, కాదు, లేదు అనే మాటలు పడవు. పక్కవాళ్ళు తొందర పడితే తనూ తొందర పడుతుంది. ఎవరైనా సాయం అడిగితే మటుకు, ఏ వయసులోనైనా, కాదనలేదు. వీటిలో ఏదీ మాస్టారు చెప్పలేదు, ఓడిన పూటలే చెప్పాయి.

ఆ తర్వాత ఒక పొద్దున ఆముక్త పళ్ళెం పట్టుకుని గుమ్మంలో ఆగింది. వెంటనే లోపలికి వెళ్ళలేదు. తను అడుగు వెయ్యనంతసేపూ ఏదీ చెడిపోదని ఇప్పుడామెకి తెలుసు. ఊపిరి బిగబట్టి విన్నది. శేషారత్నం తలగడ ఒళ్ళో పెట్టుకుని, మెల్లగా ఊపుతూ, సన్నగా ఏదో పాడుతోంది. ఆముక్త గోడవారగా వెళ్ళి కింద కూర్చుంది. చాలాసేపటికి ఆవిడే తలెత్తి, నోటి మీద వేలు పెట్టుకుంది.

"చప్పుడు చెయ్యకు. తమ్ముడు ఇప్పుడే నిద్రపోయాడు."

"అలాగే," అంది ఆముక్త, అంతే మెల్లగా. "ఏం పేరు?"

"ఇంకా పెట్టలేదు. అమ్మ ఆసుపత్రినించి రావాలిగా. వచ్చాక పెడతారు."

మాస్టారు పుట్టినప్పుడే తల్లి పోయిందనీ, పదేళ్ళయినా నిండని అక్కయ్యే ఆయన్ని సాకిందనీ ఆముక్త ఒకసారి ఆయన నోటనే విన్నది. ఆ అమ్మ రాలేదు. ఆ మాట ఈ గదిలో ఈ పిల్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. గుమ్మం బయట, గోడకి ఆనుకుని, డెబ్భై ఏళ్ళు దాటిన ఆ తమ్ముడు నిలబడి ఉన్నాడని ఆముక్తకి తెలుసు.

"నువ్వు ఏమైనా తిన్నావా?" అంది.

"వీడు లేచాక. నేను లేస్తే ఉలిక్కిపడతాడు."

ఆముక్త తొందర పడలేదు. పళ్ళెం వంక చూడలేదు. తలగడ వైపు కాస్త ఒంగి చూసి, "ఎంత బొద్దుగా ఉన్నాడో! లేచాక బరువు మొయ్యగలవా?" అంది.

"ఎందుకు మొయ్యలేను?" అంది ఆవిడ రోషంగా. అని, తన చేతుల వంక చూసుకుని, కాస్త తగ్గి, "మొయ్యలేనంటావా?" అంది.

"నాకొక సాయం చెయ్యాలి మరి. నువ్వు లేవద్దు, కదలద్దు. నేను ముద్ద పెడతాను, చప్పుడు కాకుండా తిను. నీకు బలం వస్తుంది, వాడికీ నిద్ర చెడదు."

శేషారత్నం చాలాసేపు ఆలోచించింది. ఆముక్త అంతసేపూ కదలకుండా కూర్చుంది. చివరికి ఆ ముడతలు పడిన నోరు, పక్షిపిల్ల నోరులా, మెల్లగా తెరుచుకుంది. నేతిలో తడిసిన ఇడ్లీ ముక్క ముక్కగా లోపలికి వెళ్ళింది. మాత్రని నీళ్ళతో మింగి, "అమ్మకి చెప్పు, నేను వీణ్ణి ఒక్క నిమిషం కూడా కింద పెట్టలేదని," అంది.

"చెబుతాను."

"వాడు పెద్దయ్యాక వాడికి కూడా చెప్పు."

"అది కూడా చెబుతాను," అంది ఆముక్త. లేచి బయటికి వచ్చింది.

మాస్టారు వసారాలో కిటికీ ఊచ పట్టుకుని నిలబడి ఉన్నారు. చెంపల మీది తడి తుడుచుకోలేదు, తుడుచుకోవాలని తోచలేదు కాబోలు. ఆముక్త ఖాళీ పళ్ళెం ఆయన చేతిలో పెట్టింది. లోపల పాట మళ్ళీ మొదలైంది. ఇద్దరూ అది ఆగేదాకా విన్నారు.

"రేపటికి ఇది కూడా ఆవిడకి గుర్తుండదు కదా మాస్టారూ," అంది ఆముక్త. "ఈ ఒక్క పూటనయినా ఎలాగైనా దాచిపెట్టుకోగలిగితే ఎంత బాగుండేది!"

మాస్టారు ఖాళీ పళ్ళెం కిటికీలో పెట్టారు.

"దాచుకోవచ్చని ముందే తెలిసి ఉంటే," అన్నారు, "ఇవాళ గుమ్మంలో అంతసేపు ఆగి వినేదానివా అమ్మా?"