వంగని అక్షరాలు

ఒకానొక రాజ్యాన్ని రణభేరుండుడనే రాజు ఏలుతుండేవాడు. మనసు వెన్నే, మాటలు మాత్రం కోటలు దాటేవి. కూరలమ్మేవాళ్ళ తెలుగే తానూ మాట్లాడడం ఒకనాడు ఆయనకు చిన్నతనం అనిపించింది. అంతే, వానాకాలమంతా గదిలో కూర్చుని సొంతంగా ఒక భాష పుట్టించాడు. అందులో ఏనుగు అంటే 'గ్రుంభ', మజ్జిగ అంటే 'ధ్వాం'. పాపం, ఆ భాషలో మాట్లాడుకోవడానికి ఆయనకు తోడెవరూ లేరు.

భాష ఉన్నాక లిపి ఉండొద్దూ? ఆస్థాన లేఖకుడు కోనప్పను పిలిపించాడు.

"మన అక్షరాలన్నీ వంగి వంగి దండాలు పెడుతున్నట్టుంటాయయ్యా. నా అక్షరాలు ఎవరికీ వంగకూడదు. దూసిన కత్తిలా తిన్నగా ఉండాలి" అన్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. దసరానాటికి పాత లిపిలో ఉన్న తాటాకులన్నీ స్నానాలగది పొయ్యిలోకి పోవాలని చాటింపు కూడా వేయించాడు మహానుభావుడు.

కోనప్ప ఇంట్లో అటకమీద ఒక తాటాకు కట్ట ఉంది. చివరి రోజుల్లో వాళ్ళమ్మ పాడిన పాటలన్నీ మంచం పక్కన కూర్చుని తన చేత్తో రాసుకున్నాడు. అమ్మ తాలూకు మిగిలింది ఆ కట్ట ఒక్కటే. కాదంటే రాజుకు పంతం పెరుగుతుందని తెలుసు కనుక, చిత్తం అని చక్కా వచ్చేశాడు.

వారం తిరక్కుండా లిపి తయారైంది. ఇసుక పళ్ళెంలో వేలితో గీసి చూపించాడు. ఏ అక్షరం చూసినా బారుగా అడ్డగీతలే. రాజు మురిసిపోయి, తన ముప్ఫై రెండు బిరుదులూ ఆ లిపిలో తాటాకులమీద రాసి నిండు సభకు తెమ్మన్నాడు.

ఆ రోజు కోనప్ప పట్టుగుడ్డ కప్పిన పళ్ళెం తెచ్చి రాజు ముందు పెట్టాడు. గుడ్డ తీస్తే లోపల చీపురుకట్ట!

"ఏమిటిది, కోనప్పా?" రాజు కళ్ళెర్రబడ్డాయి.

"తమ బిరుదులే ప్రభూ, ఒక్కటీ వదల్లేదు. అడ్డగీత పెట్టినచోటల్లా ఆకు చీలింది. పారేయడానికి మనసొప్పక పీలికలన్నీ కలిపి కట్టాను. తమ పేరు చీల్చడానికి మాత్రం చెయ్యి రాలేదు. అది తమకే వదిలేశాను."

కావాలనే చింపావంటూ రాజు గంటం లాక్కున్నాడు. కొత్త ఆకు తీసుకుని తన పేరులో మొదటి అక్షరం గీశాడు. నార వెంబడి ఆకు చర్రున రెండైంది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. అయిదో ఆకు దగ్గర తనకు తెలియకుండానే గీతను కాస్త వంచాడు. ఆకు నిలిచింది. ఇంకాస్త గుండ్రంగా తిప్పి చూశాడు. అప్పుడూ చీలలేదు.

"పెద్దలు ఎవరికో భయపడి అక్షరాలు వంచలేదు ప్రభూ" అన్నాడు కోనప్ప మెల్లగా. "ఆకు నొచ్చుకుంటుందని వంచారు. మా అమ్మ పాటలు ఆ అక్షరాల్లోనే ఉన్నాయి. వాటిని పొయ్యిలో పెట్టమనకండి."

రాజు చేతిలోని ఆకును చూశాడు, పళ్ళెంలోని చీపురును చూశాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. చాటింపు అక్కడికక్కడే రద్దు చేసి, కోనప్పకు వెండి గంటం బహూకరించాడు.

మర్నాడు ఆ పాటల కట్ట తెప్పించి, ఒక్క పాట వినిపించమన్నాడు. కోనప్ప వినిపించాడు. మెచ్చుకోవడానికి రాజు తన సొంత భాషలో మాట కోసం చాలాసేపు వెతుక్కున్నాడు. అలాంటిదేదీ పుట్టించలేదని గుర్తొచ్చింది.

"బాగుందయ్యా, ఇంకోటి చదువు" అన్నాడు, కూరలమ్మేవాళ్ళ తెలుగులోనే.