అతుకు మీద సంతకం

గవరయ్య మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే అప్పటికప్పుడు జవాబు దొరికేది కాదు. "రేపు పొద్దున రండి" అనేవారు. మర్నాడు వెళ్తే ఏదో ఒక పని మొదలుపెట్టేవారు. జవాబు ఆ పనిలోనే ఎక్కడో ఉండేది. నలభై ఏళ్ళు కాకినాడ రేవులో ఓడలకు వెల్డింగ్ చేసి, అరవై దాటాక లేజర్‌తో అల్యూమినియం అతకడం కొత్తగా నేర్చుకున్న మనిషి ఆయన. ఎవరి పనినీ ఊరికే మెచ్చుకునేవారు కాదు, తన పనిని అసలే మెచ్చుకునేవారు కాదు.

ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళలో పోలేశ్వరి ఒకతె. ఉప్పాడ వైపు చేపల వేట మీద బతికే ఇంటి పిల్ల. లోహాల చదువు చదివి, మాస్టారు పనిచేసే సత్తిరాజు గారి పడవల కార్ఖానాలోనే తనిఖీ ఉద్యోగంలో చేరింది. అతుకులు బాగున్నాయని ఆమె సంతకం పెడితేనే పడవ గేటు దాటాలి. ఆ ఏడు గోదావరి వరదల్లో జనాన్ని దాటించడానికి పన్నెండు అల్యూమినియం పడవలు కావాలని జిల్లా అధికారులు పురమాయించారు. పడవలు చకచకా తయారయ్యాయి. లేజర్ వేసిన అతుకులు సన్నటి వెండి జరీలా మెరుస్తున్నాయి. నీళ్ళు పోసి చూస్తే చుక్క కారలేదు. చూసినవాళ్ళంతా బాగున్నాయన్నారు.

పోలేశ్వరి మాత్రం వాటికి ఎక్స్‌రే తీయించింది. ఫిల్ము మీద ప్రతి అతుకు పొడుగునా ఆవాలు చల్లినట్టు చుక్కలు కనిపించాయి. కరిగిన లోహంలో గాలి బుడగలు చిక్కుకుపోయి, అది గడ్డకట్టాక మిగిల్చిన బొరియలవి. ముక్క కోసి లాగి చూస్తే, రేకు ఓర్చుకోగల బరువులో సగానికే అతుకు తెగిపోయింది.

ఆమె వెళ్ళి సత్తిరాజు గారికి చెప్పింది. ఆయన చెడ్డవాడేమీ కాదు. చిన్నతనంలో గోదావరి మధ్య లంకలో వరద చూసినవాడు, నీళ్ళలో కొట్టుకుపోయిన బంధువులు ఉన్నవాడు. ఆమె చెప్పిందంతా ఓపిగ్గా విని, మూడు వారాల్లో వరద వస్తుందనీ, అప్పటికి సగం బలమున్న పడవ ఉండటం మేలో, అసలు పడవే లేకపోవడం మేలో నువ్వే చెప్పమనీ అడిగాడు. మేడల మీద నిలబడి చేతులూపే జనానికి నీ ఫిల్ములు చూపిస్తావా అని కూడా అన్నాడు. ఆ మాటకు పోలేశ్వరి నోరు పడిపోయింది. సాయంత్రం మాస్టారి ఇంటికి వెళ్ళింది.

"మాస్టారూ, అందరూ బాగుందంటున్న దాన్ని నేనొక్కదాన్నే కాదనొచ్చా? ఆ హక్కు నాకెక్కడిది?"

మాస్టారు ఎప్పటిలాగే రేపు పొద్దున రమ్మన్నారు.

మర్నాడు పడవలు చూసుకోవడానికి జిల్లా ఆఫీసు నుంచి అధికారి వచ్చాడు. కార్ఖానా ఆఫీసు ముందు వరండాలో ఎత్తైన దిమ్మ మీద ఒక పడవ ఉంది. మూడేళ్ళ కిందట మాస్టారు తన చేత్తో అతికిన మొట్టమొదటి లేజర్ పడవ అది. పక్కనే ఇత్తడి రేకు మీద ఆయన పేరు. వచ్చిన పెద్దమనుషులకు సత్తిరాజు ముందు దాన్నే చూపించేవాడు. అది ఏనాడూ నీళ్ళలో దిగలేదు. కొత్త పడవలన్నిటినీ ఆయన చూపిన ఆ పద్ధతిలోనే అతికారు.

అధికారి దాని అంచు నిమురుతూ మెచ్చుకుంటుండగా మాస్టారు రేకులు కోసే చేతి గ్రైండర్ పట్టుకుని వచ్చారు. ఎవరినీ అడగలేదు. దిమ్మ మెట్టెక్కి, పడవ పక్క రేకులో అతుకు మధ్యకొచ్చేలా జానెడు ముక్క కోశారు. నిప్పురవ్వలు రాని లోహం అది. సన్నటి పొడి మాత్రం ఆయన చొక్కా మీద రాలింది. సత్తిరాజుకు ఏం జరుగుతోందో అర్థమయ్యేసరికే ముక్క మాస్టారి చేతికొచ్చేసింది.

"మాస్టారూ, అది మీ పేరున్న పడవండీ" అన్నాడు సత్తిరాజు.

"అందుకే దీన్ని కోశానండి" అన్నారు మాస్టారు.

ముక్కను అక్కడి బల్లకున్న ఇనప పట్టులో బిగించి సుత్తి పోలేశ్వరి చేతికిచ్చారు. గురువు చేసిన అతుకును కొట్టడానికి ఆమెకు చెయ్యి రాలేదు. ఆయన ముఖంలోకి చూసింది. ఆయన ముక్క వైపే చూస్తున్నారు. కొట్టింది. రెండో దెబ్బ అవసరం లేకపోయింది. విరిగిన చోట అతుకు లోపలంతా ఇడ్లీలో ఉన్నట్టు సన్నటి బొరియలు. మాస్టారు ఆ ముక్కను ముందు అధికారికి చూపించారు, తరవాత సత్తిరాజుకు చూపించారు, చివరికి తను కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసుకున్నారు. ఆ తరవాత బల్ల మీద పెట్టి తన పని తను చూసుకోవడానికి షెడ్డులోకి వెళ్ళిపోయారు. పోలేశ్వరిని కన్నెత్తి కూడా చూడలేదు.

ఆమెకు ముందు దుఃఖం వచ్చింది. ఆ వెనకే కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీదో ఆమెకే తెలియలేదు. కానీ నిన్న పడిపోయిన నోరు తిరిగి లేచింది.

"పడవ లేకపోతే జనం మేడ మీద ఉంటారండీ. దీన్ని నమ్మి ఎక్కితే నడిగోదావరిలో ఉంటారు. నేను సంతకం పెట్టను."

సంతకం పెట్టేవాళ్ళు వేరే దొరుకుతారన్నాడు సత్తిరాజు. దొరికితే పెట్టించుకోమంది ఆమె. ఫిల్ములు మాత్రం ఇవాళే అధికారి గారి చేతిలో పెడతానంది. అధికారి చెయ్యి చాపాడు. ఫిల్ములు ఒక్కొక్కటే వెలుతురుకు ఎత్తి చూసి, పడవలన్నీ మళ్ళీ అతకమన్నాడు. వరద ఎవరి కోసమూ ఆగదనీ, అప్పటికి ఎన్ని సిద్ధమైతే అన్నే తీసుకెళ్తాననీ చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ మూడు వారాలూ పోలేశ్వరి, మాస్టారు షెడ్డు వదల్లేదు. లోపం మిషనులో లేదు. అల్యూమినియం మీద గాలి తగలగానే ఒక పొర కడుతుంది. సముద్రపు గాలిలోని తేమను ఆ పొర పీల్చుకుంటుంది. లేజర్ తగలగానే ఆ తేమ బుడగలవుతుంది, అవి పైకి తేలేలోపే లోహం గడ్డకట్టేస్తుంది. అందుకని రేకును ముందు రోజు కాకుండా అతకబోయే ముందే బ్రష్షుతో గీరారు. వెచ్చబెట్టి తడి ఆర్చారు. లేజర్ కిరణాన్ని తిన్నగా లాగకుండా చిన్న చిన్న సున్నాలు చుట్టిస్తూ నడిపారు, బుడగలకు బయటికి రావడానికి సందు దొరికింది. ఆ వేడికి రేకు బలం కోసం కలిపిన మెగ్నీషియం కొంత ఆవిరైపోతోందని పోలేశ్వరి కనిపెట్టింది. మెగ్నీషియం ఎక్కువున్న తీగను అతుకులోకి కరిగించి ఆ లోటు పూడ్చింది. చేసిన ప్రతి ముక్కనూ విరిచారు. పందొమ్మిది ముక్కలు అతుకు దగ్గరే విరిగాయి. ఇరవయ్యోది లాగితే అతుకు నిలిచింది, పక్కన రేకు చిరిగింది. సత్తిరాజు వచ్చి చూసి, మిగతా పనివాళ్ళను కూడా ఆ షెడ్డులోకే పంపాడు.

వరద వచ్చేనాటికి తొమ్మిది పడవలు గేటు దాటాయి. మూడు మిగిలిపోయాయి.

ఆ మూడూ వెళ్ళాల్సిన లంకలో జనం బడి డాబా మీదికెక్కి పొద్దుటి నుంచీ ఎదురుచూశారు. నలభై ఒక్కమంది. పసిపిల్లలకు పాలు లేవు, తాగడానికి నీళ్ళు లేవు, నెత్తిన వాన. పొద్దు వాలే వేళకు పక్క లంక పని ముగించుకుని ఆ తొమ్మిదిలో ఒక పడవ వచ్చింది. రెండో విడత జనాన్ని తెస్తుండగా మునిగి ఉన్న కరెంటు స్తంభానికి గట్టిగా కొట్టుకుంది. పక్క రేకు లోపలికి సొట్టపోయింది. అతుకు విడలేదు.

నీళ్ళు తీశాక పోలేశ్వరి ఆ ఊరు వెళ్ళింది. పడవలు ఆలస్యం కావడానికి కారణం తనేనని దాచకుండా చెప్పింది. ఒక ముసలమ్మ ఆమె చెయ్యి విదిలించి కొట్టింది. పిల్లాడికి జ్వరం తగిలిన తల్లి ఒకతె నానా మాటలూ అంది. పోలేశ్వరి తల వంచలేదు, కళ్ళు తుడుచుకోనూ లేదు. అన్నీ విని, తిన్నగా మాస్టారి దగ్గరికి వచ్చింది.

జరిగిందంతా చెప్పి, తను చేసింది సరైనదేనా అని అడిగింది. ఈసారి మాస్టారు రేపు రమ్మనలేదు.

"ఊళ్ళో అందరూ తిట్టారా తల్లీ?"

"అందరూనండి. డాబా మీద నిలబడ్డ నలభై ఒక్కమందీ."

మాస్టారు తలూపారు.

"తిట్టడానికి అందరూ ఉన్నారన్నమాట. తిట్టనీ."