మంచులోంచి వచ్చిన ఓకే

అనగనగా ఒక అడవిలో, పిల్లలూ, చలికాలం వస్తే చాలు, పొద్దెక్కేదాకా మంచు కమ్మేసేది. ముక్కు కొన కూడా కనబడేది కాదు. మంచులో మాటలన్నీ ఒక్కలాగే వినిపిస్తాయి కదా! అందుకని వాగు దాటేటప్పుడు అక్కడో కట్టుబాటు. ఎవరి కూత వాళ్లు కూయాలి. తనవాళ్ల కూత వినందే ఎవరూ అడుగు ముందుకేయకూడదు.

ఒకనాడు ఫారెస్టు బంగళా పంజరంలోంచి ఓ గోరింక తప్పించుకొచ్చింది. "ఓకే నేర్చుకోండి! ఈ మాటొక్కటి చాలు," అంది. "అవుననాలన్నా ఓకే, పోన్లే అనాలన్నా ఓకే, ఇక నోర్మూసుకో అనాలన్నా ఓకేనే!"

ఇంకేం, అడవంతా వెర్రెత్తిపోయింది. తిన్నావా అంటే ఓకే. అలిగావా అంటే ఓకే. నవ్వకండర్రా, చావు కబురు చెప్పినా ఓకే!

అందరికంటే మోజు పొన్న అనే దుప్పికి. "కూతలేంటి, మోటుగా!" అని తన కూత మానేసింది. అప్పుడే పుట్టిన కూన గురిగింజను కూడా ఓకే అంటూనే పెంచింది.

పెద్ద కొమ్ముల ముసలి జింక, కణుజు తాత, నెత్తీనోరూ కొట్టుకున్నాడు. "ఒసే పొన్నా, మాట ఎవడైనా అంటాడే. కూత నీది. పిల్లకి వినిపించవే!"

"ఓకే తాతా," అని నవ్వేసింది పొన్న.

మంచు రానే వచ్చింది. ఓ పొద్దున పొన్న ముందుగా వాగు దాటేసింది. గురిగింజ నీళ్ల మధ్య దిక్కు తెలియక ఆగిపోయింది.

"అమ్మా, ఇటు రానా?"

"ఓకే," అని పొన్నకు అవతలి ఒడ్డు నుంచి వినబడింది.

పొన్న చెవులు రిక్కించింది. అన్నది తను కాదు.

"ఇంకా రానా అమ్మా?"

"ఓకే." ఈసారి గాలిలో దుమ్ములగొండి కంపు కొట్టింది.

మంచులో ఏ మాటన్నా ఒక్కలాగే వినిపిస్తుందని పొన్నకు అప్పుడు తట్టింది. ఎన్నాళ్లుగానో మానేసిన కూతే గొంతు చించుకుని వచ్చింది. "కూ...క్! కూ...క్!"

గురిగింజ ఆ కూత పుట్టాక ఎన్నడూ వినలేదు. హడలిపోయింది.

"అమ్మా, ఎవరో అరుస్తున్నారే! భయమేస్తోంది. నీ దగ్గరికి పరిగెత్తుకొచ్చేయనా?"

"ఓకే."

చిన్న గిట్టల చప్పుడు నీళ్లలో టపటపమంటూ అవతలికి వెళ్లింది. తర్వాత ఏమీ వినబడలేదు.

ఆ తర్వాత వాగుకి ఇవతల ఆ మాట ఎవరూ అనలేదు. మంచు కురిసిన ప్రతి పొద్దునా పొన్న వాగొడ్డున నిలబడి గొంతు ఎండేదాకా కూస్తుంది. అవతలి ఒడ్డు నుంచి ఒక్కటే జవాబు వస్తుంది.

"ఓకే."

నీతి: అరువు మాట ఎంత ముద్దొచ్చినా, కన్నబిడ్డకు ముందు సొంత గొంతు వినిపించాలి.