హినా తోటలో నల్లరాళ్ళు

అనగనగా ఒక ఊరు, ఆ ఊరి చుట్టూ సముద్రం. ఇంకో నేల కంటపడాలంటే పడవలో ఇరవై రోజులు. మా మేనమామ ఓడల్లో కళాసీగా తిరిగినవాడు, ఆయన చెప్పిన కథ ఇది. మధ్యలో అడ్డం రాకు, నాకు నచ్చదు.

ఆ దీవి సముద్రంలోంచి నిప్పు కక్కుకుంటూ లేచింది. ఆ నిప్పు చల్లారి మూడు కొండలయ్యాయి. అందుకే అక్కడి రాయి మాడిన అట్టులా ఉంటుంది, నల్లగా, ఒళ్ళంతా చిల్లులు. వాన కురుస్తుంది కానీ ఏరు లేదు, కాలువ లేదు. పడిన నీళ్ళు పడినట్టే జల్లెట్లో పోసినట్టు కిందికి దిగిపోతాయి. పోయి పోయి సముద్రం ఒడ్డున రాళ్ళ సందుల్లో ఊరతాయి. సముద్రం వెనక్కి తగ్గిన కాసేపట్లోనే ఆడవాళ్ళు సొరబుర్రలు పట్టుకుని పరుగెత్తి ముంచుకోవాలి. ఆలస్యమైతే ఉప్పునీళ్ళే.

ఆ ఊళ్ళో హినా అని ఒక ముసలమ్మ. ఆమెకి ఒక చామతోట. చామదుంపే వాళ్ళకి అన్నం. ఆమె తమ్ముడు తెమూ ఊరిపెద్ద. వాణ్ణి చంకనేసుకుని పెంచింది ఆమే. అది వాడికి గుర్తుండాలిగా. లేదు.

అక్కడ తోట వేసే పద్ధతి వేరు. దుంప పాతి, మట్టి కనపడకుండా పిడికిలంతేసి రాళ్ళు పరుస్తారు. అప్పుడు ఎండకి తేమ ఆరదు, గాలికి మట్టి లేవదు. అక్కడి దక్షిణపు గాలి అంత చెడ్డది. తోటపని ఆడవాళ్ళది గనక ఆ రాళ్ళు ఎందుకున్నాయో మగాళ్ళు ఏనాడూ అడగలేదు.

అప్పుడు తెమూకి ఇంటిముందు పెద్ద అరుగు కట్టాలని బుద్ధి పుట్టింది. రాళ్ళకి కొండెక్కాలి. ఎవరెక్కుతారు? తోటల్లో చేతికందేలా ఉన్నాయిగా. ఒక తోటలోవి ఏరించాడు.

హినా వెళ్ళి చెప్పింది. "ఒరే తమ్ముడూ, అది మట్టికి కప్పిన దుప్పటిరా. లాగెయ్యకు."

"రాళ్ళు వండుకు తింటావా ఏంటక్కా, అంత బాధపడుతున్నావు" అన్నాడు వాడు. అందరూ నవ్వారు.

ఆ తర్వాత కోళ్ళదొడ్డికి గోడ కావాల్సొచ్చింది. ఇంకో తోట ఏరించాడు. హినా మళ్ళీ వెళ్ళింది. వాణ్ణి రాళ్ళు ఏరేసిన తోటకి లాక్కెళ్ళి, మట్టిలో వేలు దూర్చి చూపించింది. పైనా పొడే, లోపలా పొడే.

"నీకు వయసైంది, నీడన కూర్చో" అన్నాడు. కూర్చోడానికి చాప మాత్రం వెయ్యలేదు.

ఆ తర్వాత ఆ దీవికే అవతలి ఒడ్డునున్న ఊరివాళ్ళు వీడి అరుగు కన్నా మూరెడు ఎత్తు కట్టారు. ఇక తెమూకి తిండి సయించలేదు. మిగిలిన తోటలన్నీ ఏరించాడు, అక్క తోటతో సహా.

హినా గుమ్మంలో కూర్చుంది. తన రాళ్ళు గంపలకెత్తుతుంటే చూస్తూ కూర్చుంది. వాడు ఆమె ముందునుంచే నడిచాడు. ఏమంటుందోనని ఆగాడు కూడా. ఆమె నోరు విప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటావా? రెండుసార్లు మంచి చెప్పి రెండుసార్లు నవ్వులపాలైతే నీకే తెలుస్తుంది. పడుకుని విను.

అప్పుడు దక్షిణపు గాలి లేచింది. తొమ్మిది రోజులు వదల్లేదు. ఎర్రమట్టి పొగలా లేచి సముద్రంలో పడింది. పదోరోజుకి తోటలున్న చోట నల్లబండ తేలింది.

తెమూ అరుగు పీకించాడు. రాళ్ళన్నీ మోయించి ఆ బండమీద పరిపించాడు. ఆ తర్వాత అక్క గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"విత్తనం దుంపలు నీ దగ్గరే ఉన్నాయటగా అక్కా."

హినా గంప తెచ్చి వాడి ముందు పెట్టింది. "తీసుకో. ఎక్కడ పాతుతావు?"

"మూడోసారి కూడా ఒక్క మాట అనుంటే ఆగేవాణ్ణే" అన్నాడు.

నిజమేనేమో. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

"పొయ్యి రాజెయ్యి" అంది.

ఆ విత్తనం దుంపలు ఉడకేసుకుని అక్కా తమ్ముడూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. తొక్కలు కూడా మిగల్చలేదు.

మన్నేమో మున్నీటికి,
పంతమేమో కాటికి,
కథేమో కంచికి,
నువ్వేమో మంచానికి.