మంగతాయారు పెరట్లో బల్బు

మండపేటలో మంగతాయారు అనే ఇల్లాలు ఉండేది, పెట్టే చెయ్యే గానీ ఎదుటివాళ్లకేం కావాలో అడిగే నోరు కాదు ఆమెది. కడుపునొప్పి అన్నవాడికీ గారెలు వడ్డించేది. వద్దంటే మరో రెండు వేసేది.

ఒక ఏడాది ఆమె గోదాదేవికి మొక్కుకుంది. భోగినాటి కల్యాణానికి తన పెరటి చామంతులతోనే దండ వేస్తానంది. పిలకలు తెచ్చి నాటింది. ఆ పసిమొక్కలను చీకట్లో వదలకూడదని గోడకు పెద్ద బల్బు పెట్టించింది. పొద్దుగూకింది మొదలు తెల్లారేదాకా అది వెలుగుతూనే ఉండేది.

మొక్కలు నడుమెత్తు పెరిగాయి. కార్తీకం సగమైంది. పక్కింట్లో తోడికోడలు నాగరత్నం మొక్కలు మొగ్గ తొడిగాయి. ఇక్కడ మాత్రం ఒట్టి ఆకులే.

"అక్కా, ఈసారి అమ్మవారికి గోంగూర దండా?" అంది నాగరత్నం గోడ మీద నుంచి.

మంగతాయారు ఇంకాస్త ఎరువు వేసింది, ఇంకాస్త నీళ్లు పోసింది. ఆకులే పెరిగాయి. పూలు బజారులో కొందామన్నాడు భర్త.

"మాట ఇచ్చింది అమ్మవారికండీ. నా పెరట్లోవే వేస్తాను," అంది.

మర్నాడు పొద్దున్నే చీర కుచ్చిళ్లు దోపుకొని ఒక్కొక్క మొక్కనే పట్టి చూసింది. నీళ్ల డ్రమ్ము వెనక బక్కమొక్క ఒకటి కనబడింది. దాని నిండా మొగ్గలు! అదే మట్టి, అవే నీళ్లు. డ్రమ్ము అడ్డం వల్ల దానికి బల్బు వెలుగొక్కటే తగలదు.

"ఓసి నా తల్లీ, నిన్ను నిద్రపోనిచ్చింది డ్రమ్మొక్కటేనా?" అని బల్బు ఆర్పేసింది.

ఆపైన మంచు కురిసింది. చీకట్లో మొక్కలు వణుకుతున్నట్టే అనిపించింది ఆమెకు. చెయ్యి స్విచ్చి దాకా వెళ్లేది. గోదాదేవిని తలచుకొని పళ్లబిగువున వెనక్కి తీసుకునేది. ధనుర్మాసం నడుస్తుండగా మొక్కలన్నీ మొగ్గ తొడిగాయి. భోగినాటికి పెరడంతా పసుపు ఆరబోసినట్టయింది. అమ్మవారి మెడలో దండ పాదాల దాకా జారింది.

ఆ రోజు ప్రసాదం గిన్నెతో నాగరత్నం ముందుకొచ్చి మంగతాయారు ఆగింది.

"ఎంత పెట్టమంటావే?" అని అడిగింది.

నాగరత్నం తెల్లబోయింది. అక్క నోట ఆ మాట వినడం ఆమెకు అదే మొదలు.

కనుక తల్లులారా, తండ్రులారా, ఎవరికి ఏది పెట్టాలన్నా ముందు వాళ్లకేం కావాలో తెలుసుకోవాలి; అది తెలియని ప్రేమ ఎంత ఉన్నా బరువే.