పిచ్చి కుదిరాక తల తీయండి

వెనకటికి కంకణపురి అనే రాజ్యాన్ని గండభైరవుడు ఏలేవాడు. ఆయన సింహాసనం వంక తేరిపార చూసినా నేరమే.

ఒకనాడు నిండు కొలువులోకి ఓబయ్య అనే నేతగాడు చొరబడి, రాజుగారు రాకముందే సింహాసనమెక్కి కూర్చున్నాడు. అంతకు కొన్నాళ్ల ముందే విషజ్వరం తగిలి అతనికి మతి చలించింది. గండభైరవుడు రాగానే ఓబయ్య ఆయన్ని చూపించి, "రాజును నేనుండగా ఎవడురా వీడు? గుండు గీయించి గాడిదెక్కించండి!" అని ఆజ్ఞాపించాడు. సింహాసనం మీంచి వచ్చిన ఆజ్ఞ కదా అని అలవాటు కొద్దీ ఇద్దరు భటులు గాడిద కోసం పరుగెత్తారు కూడా.

"వీడి తల తీయండి!" అని రాజు మండిపడ్డాడు.

ధర్మాధికారి సోమయాజులు అడ్డుపడ్డాడు. "మతి లేనివాణ్ణి దండించడం శాస్త్రవిరుద్ధం ప్రభూ. తల పోయిన సంగతి కూడా వాడికి తెలియదు. ముందు పిచ్చి కుదర్చాలి. ఆ తర్వాత నిక్షేపంగా తీయవచ్చు."

రాజుకు ఆ మాట నచ్చింది. ఆస్థాన వైద్యుడు ఓబయ్యకు తైలాలు, కషాయాలు మొదలుపెట్టాడు.

కొన్నాళ్లకు ఓబయ్య భార్య చెంగమ్మ, కొలువులో చమత్కారిగా పేరున్న తిప్పన దగ్గరికి ఏడుస్తూ వచ్చింది.

"ఇవాళ నన్ను గుర్తుపట్టి పేరు పెట్టి పిలిచాడయ్యా. సంతోషించాలో గుండెలు బాదుకోవాలో తెలియడం లేదు. ఆ మందులు ఆపించండి బాబూ!"

"ఆపొద్దమ్మా, పూర్తిగా కుదరనీ. తర్వాత సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు తిప్పన.

జబ్బు నయమైందని వైద్యుడు చెప్పగానే ఓబయ్యను కొలువుకు తెచ్చారు; వెనకే చెంగమ్మా వచ్చింది. తలారి కత్తితో సిద్ధంగా ఉన్నాడు. అప్పుడు తిప్పన లేచాడు.

"ప్రభూ, ముందు వైద్యుణ్ణి బంధించండి. నేరస్థుణ్ణి తప్పించాడు!"

"ఎదురుగానే ఉన్నాడు కదయ్యా!" అన్నాడు రాజు.

"ఆనాటివాడు తానే రాజునన్నాడు. ఇతణ్ణి అడిగి చూడండి."

"ఎవడివిరా నువ్వు?" అన్నాడు రాజు.

"నేతగాణ్ణి దొరా" అన్నాడు ఓబయ్య చేతులు జోడించి.

"నా సింహాసనం ఎక్కావా లేదా?"

"అయ్యో! మతి ఉన్నవాడెవడైనా ఆ పని చేస్తాడా దొరా?"

"విన్నారుగా!" అన్నాడు తిప్పన. "ఇతనికి మతి ఉందని వైద్యుడే చెప్పాడు. కనుక ఆ పని చేసినవాడు ఇతను కాదు."

సోమయాజులు ఊరుకోలేదు. "మతి మారినా ఒళ్లు అదే కదా! ఒంటికి శిక్ష పడాల్సిందే."

"అలాగే స్వామీ. కాని సింహాసనం మీద కూర్చున్నది తల కాదు కదా!"

రాజు నవ్వు రాకుండా మీసం కొరుక్కున్నాడు. "అయితే ఆ పిచ్చి ఎటు పోయిందంటావు?"

"ఎంతో దూరం పోలేదు ప్రభూ. చంపడానికని మనిషికి వైద్యం చేయించిన కొలువు ఇది. ఇక్కడే ఎక్కడో తిరుగుతూ ఉంటుంది."

తలారి తిప్పన మెడ వంక చూశాడు. మరుక్షణం గండభైరవుడు కిరీటం జారిపోయేలా పకపకా నవ్వాడు. ఓబయ్యను వదిలేయమన్నాడు. మతి చలించినవాళ్లను ఇకమీదట వైద్యుడి దగ్గరికే పంపాలనీ, తలారి దగ్గరికి కాదనీ శాసించి, తన మెడలోని ముత్యాలహారం తీసి తిప్పన మెడలో వేశాడు.

చెంగమ్మ మాత్రం అదేమీ చూడలేదు. రాజుగారి మనసు మళ్లీ మారకముందే మొగుడి చెయ్యి పట్టుకుని కోట దాటేసింది.